ప్రయాణ కారణం: ఒలీవ కోతకు వెళ్ళివచ్చిన నా అనుభవం

ఇజ్రాయెల్ వీసా దరఖాస్తులో ప్రయాణ కారణం రాయవలసిన గడి ఒకటి ఉంటుంది. 2019 ఆగస్టులో విజయవాడలోని ఒక ట్రావెల్స్ ఆఫీసులో కూర్చుని నేను ఆ గడిలో పరిశుద్ధ దేశ యాత్ర అని రాయించాను. అది అబద్ధం కాదు. యెరూషలేము, బెత్లెహేము చూడాలని ఉన్నమాట నిజం, చూసినమాట కూడా నిజం. అయితే నేను బయలుదేరింది అందుకు కాదు. ఇజ్రాయెల్ సైన్యం అధీనంలో ఉన్న వెస్ట్ బ్యాంకులో నాబ్లుస్ పట్టణానికి దక్షిణాన ఉన్న ఒక పాలస్తీనా ఊళ్లో, ఇజ్రాయెలీలు కట్టుకున్న కాలనీ, అంటే సెటిల్‌మెంటు, కంచెకు ఆనుకుని ఉన్న తోటల్లో ఒలీవ కాయలు కోసే రైతుల పక్కన కొందరు విదేశీయులు ఉంటే దాడులు తగ్గుతాయన్న నమ్మకంతో ఏటా మనుషుల్ని పోగుచేసే ఒక స్వచ్ఛంద బృందంతో కలిసి పనిచేయడానికి బయలుదేరాను. ఆ బృందం పేరు గాని, ఆ ఊరి పేరు గాని ఇక్కడ రాయడం లేదు. రాస్తే నాకు పోయేదేమీ లేదు, అక్కడ ఉండిపోవలసినవాళ్ళకు ఉంటుంది.

మాది నూజివీడు దగ్గర మామిడితోటల ఊరు. చాలాకాలం జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. రాజకీయాలతో నాకున్న సంబంధం ఓటు వేసి రావడం వరకే. 2016లో అమ్మను తీసుకుని మా చర్చి సంఘం వాళ్ళతో పది రోజుల యాత్రకు వెళ్ళినప్పుడు, బెత్లెహేము దారిలో మా బస్సు ఎత్తయిన కాంక్రీటు గోడ పక్కన కాసేపు ఆగింది. భద్రత కోసం కట్టారని గైడు ఒక్క మాటలో తేల్చేసి, గొర్రెల కాపరుల పొలం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నేను చూస్తున్నది గోడను కాదు, దాని పక్కన ఎవరూ కోయకుండా వదిలేసిన ఒలీవ చెట్లను. కాయలు నల్లబడి, ముడతలు పడి, చెట్ల కింద రాలి ఉన్నాయి. కాపు మీదున్న తోటను ఎవరైనా అట్లా వదిలేశారంటే ఆ ఇంట్లో చావైనా ఉండాలి, కోర్టు కేసైనా ఉండాలి అని మా ఊళ్లో అనుకుంటాం. అమ్మ కూడా కిటికీలోంచి చూసి, ‘ఎవరిదో పాపం’ అంది. ఇంటికి వచ్చాక ఆ తోటల సంగతి చదవడం మొదలుపెట్టి, మూడేళ్ళకు ఆ గడి దగ్గరికి చేరాను.

బృందంలో చేరడానికి ఒక దరఖాస్తు, తెలిసినవాళ్ళ నుంచి రెండు సిఫారసు ఉత్తరాలు, గంటసేపు వీడియో కాల్‌లో ముఖాముఖి. సిద్ధాంతాల గురించి అడుగుతారేమోనని నేను చాలా చదువుకుని కూర్చున్నాను. వాళ్ళు అడిగినవి వేరు. నిచ్చెన ఎక్కగలవా, ఎండలో ఆరుగంటలు నిలబడగలవా, ఎవరైనా మీద ఉమ్మేస్తే తిరిగి మాట అనకుండా ఉండగలవా, రైతు వెళ్ళిపొమ్మంటే ఎందుకని అడగకుండా వెళ్ళిపోగలవా. చివరి ప్రశ్నను రెండుసార్లు అడిగారు. ఏ జాతి మీదైనా ద్వేషంతో మాట్లాడేవాళ్ళను, ఆయుధాన్ని సమర్థించేవాళ్ళను తీసుకోమని కూడా చెప్పారు. ఆ నిబంధన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తరువాత తెలిసింది.

అసలు చిక్కు దేశంలోకి ఎట్లా ప్రవేశించాలన్న దగ్గర వచ్చింది. వెస్ట్ బ్యాంకుకు సొంత విమానాశ్రయం లేదు. టెల్ అవీవ్ దగ్గర దిగినా, జోర్డాన్ వైపు నుంచి అలెన్‌బీ వంతెన మీదుగా వచ్చినా, ఇజ్రాయెల్ అధికారుల ముందు నిలబడక తప్పదు. ఇజ్రాయెల్‌ను గాని, సెటిల్‌మెంట్లను గాని బహిష్కరించమని బహిరంగంగా పిలుపునిచ్చే విదేశీయులకు ప్రవేశం నిరాకరించే చట్టాన్ని ఇజ్రాయెల్ పార్లమెంటు క్నెస్సెట్ 2017 మార్చిలో ఆమోదించింది. నేను అటువంటి పిలుపు ఏదీ ఇవ్వలేదు కనుక ఆ చట్టం నాకు వర్తించదు. అయినా, కోతకు వచ్చానని చెబితే ఎన్ని గంటలు కూర్చోబెడతారో, చివరకు లోపలికి పంపుతారో పంపరో ఎవరూ చెప్పలేరని బృందం వాళ్ళు అన్నారు. వాళ్ళ సలహా ఒక్కటే: అబద్ధం చెప్పవద్దు, అడగని నిజం చెప్పవద్దు.

ఈ సలహా నాకు చాలా రోజులు మింగుడు పడలేదు. విదేశీ కార్యకర్తల మీద ఇజ్రాయెల్‌లో ఉన్న పెద్ద ఫిర్యాదే ఇది. యాత్రికులమని, పర్యాటకులమని చెప్పి వస్తారు, వచ్చి సైనికుల ఎదుట నిలబడతారు, ఏదైనా జరిగితే సొంత దేశపు రాయబార కార్యాలయాన్ని పిలుస్తారు అని వాళ్ళంటారు. ఇందులో న్యాయం లేదని నేను అనలేను. తన గడప ఎవరు దాటాలో నిర్ణయించుకునే హక్కు ఏ దేశానికైనా ఉంది. కాని ఇక్కడ మేము వెళ్ళవలసిన ఇల్లు ఒకరిది, తాళం చెవి మరొకరిది. పిలిచింది రైతు, గడప దగ్గర ఉన్నది వేరొకరు. ఈ రెండు వాదాల్లో ఏదో ఒకటి పూర్తిగా తప్పని తేలితే నిశ్చింతగా ఉండేవాణ్ణి, అది మాత్రం నేటికీ తేలలేదు. చివరికి సలహా ప్రకారమే నడిచాను. అమ్మకు కూడా యాత్రకు వెళుతున్నాననే చెప్పాను.

అక్టోబరు నాలుగోవారంలో ఢిల్లీ నుంచి ఎయిర్ ఇండియా విమానం ఎక్కాను. 2018 మార్చి నుంచి ఆ విమానం సౌదీ అరేబియా గగనతలం మీదుగా వెళ్ళడం మొదలైంది కనుక ప్రయాణం పెద్ద దూరం అనిపించలేదు. ప్రవేశం దగ్గర నన్ను పక్క గదిలోకి పిలిచి ప్రశ్నలు అడిగిన అమ్మాయి వయసు నా విద్యార్థినుల వయసే. మర్యాదగా మాట్లాడింది. నాన్నగారి పేరు, తాతగారి పేరు, మా సంఘం పేరు, ఏమేం చూస్తారు అని అడిగింది. నాబ్లుస్ పేరు నేను ఎత్తలేదు, ఆమే ఎత్తింది. అటువైపు వెళ్ళే ఉద్దేశం ఉందా అన్నది. నా గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. ‘యాకోబు బావి చూడాలని ఉంది’ అన్నాను. బైబిల్లో సమరయ స్త్రీ కథలోని ఆ బావి నాబ్లుస్‌లోనే ఉంది, దాని మీద ఒక గుడి కూడా ఉంది. ఆమె తలూపి, ప్రవేశానికి గుర్తుగా ఒక చిన్న నీలిరంగు చీటీ ఇచ్చింది. ఆదివారపు పాఠం నన్ను అటువంటి చోట ఆదుకుంటుందని ఎన్నడూ అనుకోలేదు. బయటకు వచ్చి టాక్సీ ఎక్కాక చూసుకుంటే ఆ చీటీ చెమటకు తడిసి మెత్తబడింది.

బెత్లెహేము పక్కనున్న బేత్ సహూరులో రెండు రోజుల శిక్షణ. తొమ్మిది మంది రావలసింది, ఎనిమిది మందే వచ్చాం. అమెరికా, బ్రిటన్, స్వీడన్, ఇటలీ వాళ్ళు. భారతీయుణ్ణి నేను ఒక్కణ్ణే. నేర్పినవారు ఇద్దరు, ఒక పాలస్తీనా స్త్రీ, ఒక ఇజ్రాయెలీ పురుషుడు. మొదటి పూట అంతా ఈ విదేశీయుల రాక ఎట్లా మొదలైందో, ఎంతమందికి ఎట్లా ముగిసిందో చెప్పారు. 2001లో పాలస్తీనా, ఇజ్రాయెలీ, విదేశీ కార్యకర్తలు కలిసి ఇంటర్నేషనల్ సాలిడారిటీ మూవ్‌మెంట్ అనే ఉద్యమాన్ని ప్రారంభించారు. 2003 మార్చి 16న గాజా దక్షిణ కొసన రఫాలో, ఇల్లు కూల్చడానికి వస్తున్న సైనిక బుల్‌డోజర్‌కు అడ్డంగా నిలబడిన 23 ఏళ్ళ అమెరికన్ యువతి రేచల్ కోరీ దాని కింద పడి చనిపోయింది. ఆమె డ్రైవరుకు స్పష్టంగా కనిపించిందని తోటి కార్యకర్తలు అన్నారు, కనిపించలేదని సైన్యం అన్నది. తల్లిదండ్రులు వేసిన దావాను హైఫా జిల్లా కోర్టు 2012లో కొట్టివేసింది, 2015లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే సమర్థించింది. ఆమె పోయిన నెలరోజుల్లోపే, అదే రఫాలో, పిల్లల్ని తూటాల దారి నుంచి తప్పించబోయిన బ్రిటిష్ యువకుడు టామ్ హర్ండాల్ తలకు తూటా తగిలింది. తొమ్మిది నెలలు స్పృహ లేకుండా ఉండి 2004 జనవరిలో మరణించాడు. ఆ కేసులో మాత్రం కాల్చిన సైనికుడికి శిక్ష పడింది.

ఇదంతా విన్నాక, చదివినప్పటి నుంచి నన్ను తొలుస్తున్న సంగతి ఒకటి అడిగాను. అదే 2003 ఏప్రిల్ 30న టెల్ అవీవ్ సముద్రతీరంలోని మైక్స్ ప్లేస్ అనే బార్‌లో ఆత్మాహుతి దాడి జరిగి ముగ్గురు చనిపోయారు. దాడికి వచ్చిన ఇద్దరూ బ్రిటిష్ పౌరులు. కొద్ది రోజుల ముందు వాళ్ళు రఫాలో ఈ ఉద్యమం వాళ్ళను కలిశారని తేలింది. వాళ్ళ ఉద్దేశం తమకు తెలియదని ఉద్యమం చెప్పింది. ఆ తరువాత గాజాలో అడుగుపెట్టే విదేశీయుల చేత, ఏమైనా జరిగితే ఇజ్రాయెల్ బాధ్యత లేదని సంతకం పెట్టించుకోవడం మొదలైంది. మీరు పోగుచేసే మనుషుల్లో అటువంటివాళ్ళు లేరని మీకు ఎట్లా తెలుసు అని అడిగాను. గది నిశ్శబ్దమైపోయింది. ఇటలీ కుర్రవాడు నావైపు కోపంగా చూశాడు. నేర్పుతున్న స్త్రీ మాత్రం, సిఫారసు ఉత్తరాలు ఎందుకు అడిగామనుకున్నారు, అని తిరిగి నన్నే అడిగింది. తెలియకపోవడం కూడా తప్పే అయిన చోట మనం పనిచేస్తున్నాం అని ఆ ఇజ్రాయెలీ అన్నాడు. ఆ జవాబుతో నా సందేహం పూర్తిగా తీరలేదు, కాని దాటవేయనందుకు వాళ్ళ మీద గౌరవం కలిగింది.

రెండవరోజు చేతి మీద చెరగని ఇంకుతో లాయరు ఫోన్ నంబరు రాయించారు. మూసివేసిన సైనిక ప్రాంతం అన్న ఉత్తర్వు చూపిస్తే ఏం చేయాలో నటించి చూపించారు. పట్టుబడితే విదేశీయుణ్ణి సాధారణంగా దేశం నుంచి పంపించేస్తారు, పాలస్తీనా మనిషిని సైనిక కోర్టుకు తీసుకువెళతారు. అందువల్ల నీ ధైర్యానికి ఖర్చు మరొకరి ఖాతాలో పడుతుందని మరిచిపోవద్దు అన్నారు. ఆ తరువాత ఎవరెవరు తోటలో ఎక్కడ నిలబడాలో పంచారు. అమెరికన్లు, బ్రిటన్ వాళ్ళు, స్వీడన్ అమ్మాయి పైన కంచె వైపు. నన్ను మాత్రం మధ్య వరసలో చెట్ల కింద వేశారు. పెద్దవాణ్ణి కదా అని కాబోలు అనుకున్నాను. కారణం అడిగితే ఆ స్త్రీ ఏమీ దాచకుండా చెప్పింది: ‘దూరం నుంచి చూస్తే మీరు మాలాగే ఉంటారు. అంచున నిలబడకండి.’

ఆ మాట నన్ను తిన్నగా తాకింది. అప్పటిదాకా విదేశీయుడి ఉనికి రక్షణ అని విన్నప్పుడల్లా, మనిషి పక్కన మనిషి నిలబడటంలో ఉన్న బలమని అర్థం చేసుకున్నాను. నిజానికి అక్కడ పనిచేసేది తెల్లటి ముఖం, దాని వెనక ఉన్న పాస్‌పోర్టు, ఆ ముఖానికి ఏమైనా అయితే మరుసటిరోజు పత్రికల్లో వచ్చే పేరు. దుర్భిణిలోంచి చూసేవాడికి నేను విదేశీయుణ్ణి కాను. నల్లటి చర్మం, నెరిసిన మీసం, తలగుడ్డ కట్టుకున్న ఒక రైతును. రక్షణగా నేను దేనికీ పనికిరాను, కాయలు కోయడానికి మాత్రం పనికొస్తాను. కంచె దగ్గర నిలబడనవసరం లేదన్నందుకు నాకు ఊరట కలిగింది, ఆ ఊరటకు సిగ్గు కూడా వేసింది.

కోత పనిలో నేను ఎవరికీ తీసిపోలేదని చెప్పుకోవడానికి మొహమాటపడను. చెట్టు చుట్టూ నేల మీద పెద్ద పట్టాలు పరుస్తారు. చేతికి ఇమిడే ప్లాస్టిక్ దువ్వెనతో కొమ్మను పైనుంచి కిందికి దువ్వితే కాయలు టపటపా పట్టా మీద రాలతాయి. మామిడిలాగా చిక్కం వేసి, తొడిమ విరిగి సొన కారకుండా ఒక్కొక్క కాయను దించే పని కాదు. పట్టా నాలుగు కొసలూ ఎత్తి, ఆకులు ఏరేసి గోతాముల్లో పోస్తారు. గట్టి కొమ్మల్లోకి చేతులు దూర్చి పనిచేయాలి కనుక రెండోరోజుకే నా ముంజేతులు గీతలతో నిండిపోయాయి. మా మామిడిలాగే ఒలీవ కూడా ఒక ఏడు విరగకాసి మరో ఏడు మొహం చాటేస్తుంది. ఆ ఏడు మంచి కాపు. ఆ తోట యజమాని అయిన పెద్దాయనతో నాకు స్నేహం కలిసింది అక్కడే. ఆయనకు ఆంగ్లం రాదు, నాకు అరబ్బీ రాదు, మధ్యలో నాబ్లుస్‌లో చదువుకుంటున్న ఆయన కొడుకు. ఏడు విడిచి ఏడు కాయడం గురించి మేమిద్దరం పూటంతా మాట్లాడుకున్నాం. ఆయన్ని అందరూ పెద్దకొడుకు పేరు పెట్టి, ఫలానావాడి తండ్రీ అని పిలిచేవారు. మన పల్లెల్లో కూడా ఆ అలవాటు ఉంది కనుక నాకు కొత్తగా అనిపించలేదు.

పెద్దాయన తోటలో కంచెకు దగ్గరగా ఉన్న చెట్లు అరవై పైచిలుకు. వాటి దగ్గరికి ఆయన తన ఇష్టప్రకారం వెళ్ళలేడు. సెటిల్‌మెంట్ల పక్కన ఉన్న పొలాల్లోకి రైతుల్ని రానివ్వడం, కోసుకునేటప్పుడు కాపాడటం సైన్యం బాధ్యత అని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. ఆ తీర్పు అమలు ఒక ఏర్పాటుగా మారింది. ఏ తోటకు ఏ రోజుల్లో పోవచ్చో సైనిక పాలనా కార్యాలయం తేదీలు ఇస్తుంది. దీన్ని వాళ్ళు తన్సీక్ అంటారు, సమన్వయం అని అర్థం. పెద్దాయనకు ఆ ఏడు వచ్చినవి మూడు రోజులు. కలుపు తీయడానికి, దున్నడానికి, కొమ్మలు కత్తిరించడానికి వేరే రోజులు లేవు. పై చెట్లకూ కింది చెట్లకూ తేడా చూడగానే తెలుస్తోంది. కింద నున్నగా దున్నిన ఎర్రమట్టి, పైన మోకాటి ఎత్తు ముళ్ళగడ్డి. కంచెకు అవతల ఎర్ర పెంకుల ఇళ్ళు, ఒక పిల్లల ఉయ్యాల, ఆరేసిన బట్టలు కనిపించేవి. ఆ ఇళ్ళవాళ్ళను సెట్లర్లు అంటారు. సెట్లర్ అన్న మాట మన హైదరాబాదులో వేరే అర్థంలో వాడతాం కనుక, ఆ మాట విన్నప్పుడల్లా నా బుర్ర ఒక క్షణం కూకట్‌పల్లి వైపు పోయి తిరిగి వచ్చేది.

మేము రావడానికి వారం ముందు, అక్టోబరు 16న, అదే ప్రాంతంలోని బురీన్ అనే ఊళ్లో కోతకు సాయం వచ్చిన స్వచ్ఛంద సేవకుల మీద ముసుగులు వేసుకున్నవాళ్ళు దాడి చేశారు. దెబ్బలు తిన్నవారిలో 80 ఏళ్ళ ఒక యూదు రబ్బీ, అంటే మతగురువు, ఉన్నాడు. మానవహక్కుల కోసం 1988 నుంచి పనిచేస్తున్న రబ్బీల సంఘం తరఫున ఆయన వచ్చాడు. ఈ వివాదాన్ని విదేశీయులు ఒకవైపు, ఇజ్రాయెలీలు ఒకవైపు అని చెప్పేవాళ్ళు ఆ పెద్దమనిషిని ఎటువైపు నిలబెడతారో నాకు తెలుసుకోవాలని ఉంది.

మూడు రోజుల్లో మొదటి రోజు ఏమీ జరగలేదు. పట్టాల మీద కూర్చుని రొట్టె, నూనె, జాతర్ పొడి, టమాటాలు తిన్నాం, సేజ్ ఆకు వేసిన టీ తాగాం. రెండవరోజు పది గంటలకు ఒక జీపు వచ్చి ఆగింది. నలుగురు సైనికులు దిగారు. అందులో ఒక కుర్రవాడు మా మధ్య తిరుగుతూ నా దగ్గరికి వచ్చి అరబ్బీలో ఏదో అడిగాడు. నేను ఇండియా అన్నాను. అతని ముఖం మారిపోయింది. ‘హంపి! హంపి వెళ్ళారా?’ అన్నాడు. సైన్యంలో కాలం పూర్తికాగానే స్నేహితులతో కలిసి గోవా, హంపి, మనాలి తిరుగుతాడట, అక్క వెళ్ళివచ్చిందట. తుంగభద్ర ఒడ్డున బండల గురించి నేను రెండు మాటలు చెప్పాను. ఒక నిమిషం పాటు ఇద్దరం ఆ చోటు మరిచిపోయాం. అంతలో అతని పైవాడు ఒక కాగితం తీసి పెద్దాయన కొడుకుకు చూపించాడు. అనుమతి ఉన్న భూమి యజమాని కుటుంబం తప్ప మిగిలినవాళ్ళు అక్కడ ఉండకూడదని అందులో ఉంది. హంపి కుర్రవాడు నావైపు చూడలేదు.

ఇటలీ యువకుడు ముందుకు వెళ్ళి గట్టిగా నినాదం ఎత్తుకున్నాడు. పెద్దాయన చెల్లెలు నిచ్చెన మీద నుంచే చేయి ఊపి ఏదో అంది. కొడుకు అనువదించాడు: ‘సాయంత్రం ఊళ్లోకి వచ్చాక ఎంతసేపైనా అరవండి, ముందు ఆ కొమ్మ వదలండి, పట్టా తొక్కుతున్నారు.’ పెద్దాయన మమ్మల్ని దిగిపొమ్మన్నాడు. ముఖాముఖిలో రెండుసార్లు అడిగిన ప్రశ్న నాకు గుర్తొచ్చింది. ఎనిమిది మందిమీ దువ్వెనలు అక్కడే పెట్టి, ఊరి అంచున ఉన్న నీళ్ళతొట్టి దగ్గరికి వచ్చి కూర్చున్నాం. అక్కడి నుంచి పైన తోట చిన్నగా కనిపిస్తోంది. సైనికులు వెళ్ళిపోలేదు. కంచెకూ చెట్లకూ మధ్య జీపు అడ్డంగా నిలబెట్టుకుని సాయంత్రం దాకా ఉన్నారు. పెద్దాయన, చెల్లెలు, కొడుకులు ఇద్దరు, వాళ్ళు నలుగురే కోసుకున్నారు. రాత్రి భోజనాల దగ్గర ఇటలీ యువకుడు ఓడిపోయామన్నట్టు మాట్లాడుతుంటే పెద్దాయన వినీ విననట్టు విని, తరువాత నెమ్మదిగా చెప్పాడు. మీరు వచ్చారు కనుక సైనికులు వచ్చారు. సైనికులు వచ్చారు కనుక పైవాళ్ళు, ఆ సెటిల్‌మెంటు వాళ్ళు, కిందికి దిగలేదు. నిరుడు మీరూ లేరు, వాళ్ళూ రాలేదు, పైవాళ్ళు దిగారు, రెండు గోతాలు పోయాయి, ఆరు చెట్లు నరికారు.

నేను అక్కడ విన్న అన్ని వాదాల్లో నాకు బాగా అర్థమైనది ఇదొక్కటే. విదేశీయులు గొడవ తెస్తారన్న మాటా నిజమే, విదేశీయులు కాపాడతారన్న మాటా నిజమే. ఆ రోజు ఆ రెండూ ఒక్కటే పని. అయినా మూడవరోజు కూడా పూర్తయ్యాక పై వరసలో పద్నాలుగు చెట్లు కోయకుండా మిగిలిపోయాయి. మేము ఎనిమిది మందిమి పైన ఉండి ఉంటే అవి మిగిలేవి కావు.

మిగిలిన రోజులు ఊరికి కింద ఉన్న తోటల్లో పనిచేశాం, అక్కడ అనుమతుల గొడవ లేదు. గానుగకు కూడా వెళ్ళాను. ఇప్పుడంతా యంత్రాలే, ఒక పక్క గోతాం పోస్తే మరో పక్క పచ్చటి నూనె సన్నగా ధార కడుతుంది. నాలుగైదు కిలోల కాయలకు కిలో నూనె. యేసు ప్రార్థించిన తోట గెత్సేమనే అన్న పేరుకు నూనె గానుగ అని అర్థమని మా పాస్టరు గారు ఎన్నిసార్లు చెప్పారో. ఆ వాసన మధ్య నిలబడ్డాకే అది పేరు కాదు, చోటు అని అనిపించింది.

నవంబరు 5న, మేము నాబ్లుస్‌లో ఉండగా, హ్యూమన్ రైట్స్ వాచ్ అనే అంతర్జాతీయ మానవహక్కుల సంస్థ ప్రతినిధి ఒమర్ షకీర్‌ను దేశం నుంచి పంపించివేయవచ్చని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందన్న వార్త వచ్చింది. ఆ 2017 చట్టం కింద, ఇజ్రాయెల్‌ను బహిష్కరించాలన్న పిలుపుకు మద్దతు ఇచ్చాడన్నది ఆయన మీద ఆరోపణ. ఆ నెల 25న ఆయన వెళ్ళిపోయాడు. అంతకు ముందు ఏడాది అదే కోర్టు, అదే చట్టం కింద విమానాశ్రయంలో ఆపివేసిన లారా అల్‌కాసెమ్ అనే అమెరికన్ విద్యార్థినిని మాత్రం చదువుకోనివ్వమని చెప్పింది. 2019 మొదట్లోనే వెస్ట్ బ్యాంకులోని హెబ్రోన్ పట్టణంలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న అంతర్జాతీయ పరిశీలకుల బృందం గడువును ఇజ్రాయెల్ పొడిగించలేదు. తలుపు సందు ఏడాదికేడాది సన్నబడుతోందని, ఆ సందులోంచి నేను యాకోబు బావి పేరు చెప్పి దూరానని అప్పుడు అనిపించింది.

తిరుగు ప్రయాణంలో సామాను తనిఖీ దగ్గర నూనె సీసా గురించి అడిగారు. బెత్లెహేములో కొన్నానని చెప్పాను. వెళ్ళేటప్పుడు చెప్పినది సగం నిజం. ఇది పూర్తిగా అబద్ధం, అదీ ఎవరూ నేర్పకుండా నా అంతట నేనే చెప్పాను. ఫొటోలు ముందే తుడిచేశాను కనుక నేను అక్కడ పనిచేశాననడానికి ఆ సీసా, చేతుల మీద గీతలు తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ ఆదివారం అమ్మ పాస్టరు గారికి చెప్పి ఆరాధనలో నా చేత సాక్ష్యం చెప్పించింది. బెత్లెహేము గుడి, ఒలీవల కొండ, యాకోబు బావి గురించి చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. నూనెను అమ్మ ఆవకాయలో వేయనివ్వలేదు, మోకాళ్ళకు రాసుకుంది. ఆ డిసెంబరులోనే పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా చెన్నైలో జరిగిన నిరసనలో పాల్గొన్నందుకు, ఐఐటీ మద్రాసులో చదువుకుంటున్న ఒక జర్మన్ విద్యార్థిని దేశం విడిచి వెళ్ళమన్నారు. చదువు కోసం వీసా తీసుకుని ఇక్కడి వ్యవహారాల్లో వేలు పెట్టడమేమిటని మా కాలేజీ స్టాఫ్ రూములో అందరూ అన్నారు. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను.

2023 అక్టోబరు 7న హమాస్ దాడి, ఆ తరువాత గాజా యుద్ధం మొదలయ్యాక ఆ ఏటి కోతకు పెద్దాయనకు ఒక్కరోజు కూడా అనుమతి రాలేదని కొడుకు మెసేజ్ పెట్టాడు. మంచి కాపు ఏడని కూడా రాశాడు. మరుసటి ఏడు, 2024 సెప్టెంబరు 6న, బేతా అనే ఊళ్లో శుక్రవారం నమాజు తరువాత జరిగిన నిరసన దగ్గర 26 ఏళ్ళ తుర్కీ అమెరికన్ యువతి తలకు తూటా తగిలి చనిపోయింది. ఆమె ఇంటర్నేషనల్ సాలిడారిటీ మూవ్‌మెంట్ తరఫున వచ్చింది. గొడవ అప్పటికే సద్దుమణిగిందని, ఆమె వెనకగా ఒలీవ చెట్ల దగ్గర ఉందని అక్కడున్నవాళ్ళు చెప్పారు. ప్రధాన రెచ్చగొట్టేవాడి మీద కాల్చిన తూటా ఉద్దేశం లేకుండా, పరోక్షంగా ఆమెకు తగిలి ఉండవచ్చని సైన్యం చెప్పింది. బేతా మేమున్న ఊరికి కారులో పావుగంట దూరం.

టీవీలో ఆ వార్త వస్తుంటే నేను చూస్తూ ఉండిపోయాను. అమ్మకు అప్పటికి ఎనభై దగ్గర పడ్డాయి. ‘నువ్వు కాయలు కోయడానికి వెళ్ళింది ఇటువైపేనా నాన్నా?’ అంది. నేను ఉలిక్కిపడ్డాను. కోత సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. ‘యాత్రకు పోయినవాడి చేతులు అట్లా గీసుకుపోయి ఉంటాయా? మీ నాన్న చేతులు ముప్పై ఏళ్ళు చూశాను’ అంది. అప్పుడు మొదటినుంచీ చెప్పాను, గడిలో రాసిన మాటతో సహా. సంఘంలో సాక్ష్యం సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆమె ముఖం తిప్పుకుంది. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత ప్రార్థన పుస్తకం తెచ్చి, వెనక అట్ట లోపలి వైపు ఆ అమ్మాయి పేరు తెలుగులో రాయమంది. ఐషెనూర్ ఎజ్గీ ఎయ్గీ అని రాశాను. ఆ తోట ఆయన పేరు కూడా రాయమంది. పన్నెండు రోజులు ఆయన ఇంట్లో తిన్నాను, ఆయన అసలు పేరు నాకు తెలియదు. కొడుకు పేరు రాసి, పక్కన తండ్రి అని రాశాను.